బోటు ఊగుతున్నా ఉపగ్రహాన్ని వదలని యాంటెన్నా: అడాప్టివ్ బీమ్ కట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిలబడి దక్షిణం వైపు తిరిగి తల బాగా పైకెత్తండి. 69 డిగ్రీల ఎత్తులో, అంటే నడినెత్తికి 21 డిగ్రీలు కిందగా, ఇస్రో వారి జీశాట్-6 ఉంటుంది. కంటికి కనబడదు గానీ పొద్దున చూసినా రాత్రి చూసినా అక్కడే. అది 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల పైన ఉంది. విశాఖ రేఖాంశం 83.3. అందుకే ఊరికి దాదాపు ముక్కుసూటిగా దక్షిణాన పడింది.

అంత కుదురుగా కూర్చున్నదాని కోసం యాంటెన్నా బీమ్‌ని, అంటే అది బలంగా చూసే దిక్కుని, తిప్పుతూ ఉండాల్సిన అవసరం ఏమిటి? గట్టు మీద ఉన్నంతసేపూ ఏమీ లేదు. బోటెక్కి హార్బర్ దాటాక తెలుస్తుంది. కేబిన్ కప్పు మీద బిగించిన యాంటెన్నా కెరటం కెరటానికీ వేరే దిక్కు చూస్తుంటుంది.

ఈ వ్యాసంలో అలాంటి బోటుకి సరిపోయే 16 ఎలిమెంట్ల (ఎలిమెంట్ అంటే అందులోని ఒక్కో చిన్న యాంటెన్నా) యాంటెన్నాని అంచెలంచెలుగా కడదాం. ఒక మాట ముందే చెప్పేస్తాను. బీమ్‌ని తిప్పడం ఈ రోజుల్లో పెద్ద విద్యేమీ కాదు, చిప్పులు అంగట్లో దొరుకుతున్నాయి. ఎటు తిప్పాలో ప్రతి క్షణం తెలుసుకోవడంలోనే పనంతా ఉంది. కాబట్టి ఎలిమెంట్ల డిజైన్ దగ్గర తొందరగా నడిచి, క్యాలిబ్రేషన్ దగ్గర, ట్రాకింగ్ దగ్గర తీరిగ్గా ఆగుతాను. ఇంటర్మీడియట్ స్థాయి త్రికోణమితి, కాస్త పైథాన్ వస్తే చాలు.

1. కదిలేదెవరో ముందు తేల్చుకోండి

కాగితం మీద రెండు వేగాలు రాసుకోండి. ఆకాశంలో ఉపగ్రహం సెకనుకు ఎన్ని డిగ్రీలు జరుగుతుంది? మీ వాహనం సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది?

జీశాట్-6 లాంటి భూస్థిర ఉపగ్రహానికి మొదటి అంకె దాదాపు సున్నా. 780 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఇరిడియం ఉపగ్రహం నడినెత్తిన ఉన్నప్పుడు సెకనుకు అర డిగ్రీ పైచిలుకు జరుగుతుంది. 550 కిలోమీటర్ల ఎత్తులోని స్టార్‌లింక్‌ది ముప్పావు డిగ్రీ దాకా ఉంటుంది.

ఇప్పుడు బోటు సంగతి. పక్కలకి 20 డిగ్రీల చొప్పున, అయిదు సెకన్లకి ఒక చుట్టు ఊగుతోందనుకోండి. నిటారుగా దాటే క్షణంలో దాని వేగం సెకనుకు 25 డిగ్రీలు. పాడేరు ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు తిరిగే జీపుదీ ఇంచుమించు ఇదే లెక్క. ఇరిడియం ఉపగ్రహం పరుగు కంటే మన ఊగుడే నలభై రెట్లకు పైగా ఎక్కువ! ఉపగ్రహం కదులుతుందా లేదా అన్నదాని మీదే దృష్టంతా పెట్టి, తమ బండి కుదుపుల్ని మర్చిపోయిన డిజైన్లు నేను చాలా చూశాను.

తర్వాత, బీమ్ ఎంత దూరం వంగాలో లెక్కేయండి. యాంటెన్నా కప్పు మీద బల్లపరుపుగా ఉంటే మామూలుగా వంగాల్సింది 21 డిగ్రీలు. బోటు తూర్పు ముఖంగా పోతూ ఉత్తరం పక్కకి 20 డిగ్రీలు ఒరిగితే ఆ రెండూ కలిసి 41 అవుతాయి. అదే బోటు దక్షిణ ముఖంగా పోతుంటే, అంతే ఊగుడికి మొత్తం కోణం 29 మాత్రమే, ఎందుకంటే ఆ రెండు వంపులూ ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. మనం 41కి డిజైన్ చేసి, 45 దాకా చోటుంచుకుందాం.

2. అసలు బీమ్ కావాలా?

ఈ ప్రశ్న వేసుకోకుండా పని మొదలుపెట్టొద్దు. చేపల బోట్లకి ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లు బిగించే పథకం 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో మొదలైంది. లక్ష బోట్లు లక్ష్యం. వాటి పని చిన్న చిన్న మెసేజ్‌లు: తుపాను హెచ్చరిక, ఆపదలో ఉన్నామన్న కబురు, సరిహద్దు దగ్గరపడిందన్న జాగ్రత్త. అలాంటి కొద్దిపాటి అక్షరాలకి ఆకాశమంతా ఒకేలా చూసే వెడల్పు ప్యాటర్న్ (ఏ దిక్కున ఎంత బలంగా చూస్తుందో ఆ ఆకారం) చాలు. తిప్పడాలు, వంచడాలు ఏవీ అక్కర్లేదు. చెడిపోయేది ఏమీ లేనిదే సముద్రం మీద మంచి పరికరం.

మాటలు, ఫొటోలు, నిలకడైన డేటా కావాలంటే మాత్రం గెయిన్ కావాలి, అంటే బలాన్నంతా ఒకే దిక్కుకి కూడగట్టాలి. సుమారు 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర విశాఖ నుంచి ఆ ఉపగ్రహానికి దారిలో పోయే సిగ్నల్ 192 డీబీ (డెసిబెల్; ప్రతి 10 డీబీకీ పవర్ పది రెట్లు మారుతుంది). ఈ నష్టాన్ని రెండు చివర్లూ పంచుకుని పూడ్చాలి. పైన ఉన్నవాళ్లు తమ వంతు చేశారు: జీశాట్-6లో గొడుగులా విచ్చుకునే 6 మీటర్ల ఎస్ బ్యాండ్ యాంటెన్నా ఉంది, దేశాన్ని 5 స్పాట్ బీమ్‌లుగా పంచుకుంటుంది. అది 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లింది. (దానికి జోడీగా 2018 మార్చి 29న పంపిన జీశాట్-6ఎ రెండు రోజులకే మాట్లాడడం మానేసింది. ఆ బాధ ఇంకా ఉంది.) ఇక మన వంతు.

3. ఎలిమెంట్లు ఎన్ని, ఎంత ఎడంలో

2.6 గిగాహెర్ట్జ్‌కి తరంగదైర్ఘ్యం 11.5 సెంటీమీటర్లు. ప్యాచ్ ఎలిమెంట్లని (బోర్డు మీది చదునైన లోహపు ముక్కలు) అందులో సగం దూరంలో, అంటే 5.8 సెంటీమీటర్ల ఎడంతో, నాలుగు వరసల్లో నాలుగేసి పెట్టండి. మొత్తం పలక 23 సెంటీమీటర్ల చదరం. అట్ల పెనం కంటే చిన్నదే.

ఎడం ఎందుకు సగమే? దూరం ఎక్కువైతే బీమ్‌ని బాగా వంచినప్పుడు ఇంకో దిక్కున అంత బలంగానే రెండో బీమ్ పుట్టుకొస్తుంది. పుస్తకాల్లో గ్రేటింగ్ లోబ్ అంటారు. మా ల్యాబ్‌లో దొంగ బీమ్ అనేవాళ్లం. అది రాకూడదంటే ఎడం, తరంగదైర్ఘ్యాన్ని ఒకటి ప్లస్ వంపు కోణపు సైన్‌తో భాగిస్తే వచ్చేదాని కంటే తక్కువ ఉండాలి. 60 డిగ్రీల వంపుకి అది 0.536 తరంగదైర్ఘ్యాలు. సగం అంటే భయం లేదు.

ఈ పలకకి ఆదర్శంగా 17 డీబీ గెయిన్ వస్తుంది. నష్టాలు పోగా 15 దక్కితే సంతోషించండి. బీమ్ వెడల్పు ఎదురుగా చూసినప్పుడు 25 డిగ్రీలు. 41 డిగ్రీలకి వంచితే గెయిన్ మరో 1.2 నుంచి 1.8 డీబీ దాకా పడిపోతుంది. పక్క నుంచి చూస్తే పలక సన్నగా కనిపిస్తుంది కదా, అదే కారణం.

ఎలిమెంట్ వృత్తాకార పోలరైజేషన్‌తో, అంటే తరంగం ఒకే గీత మీద కాక గుండ్రంగా తిరుగుతూ ఊగేలా ఉండాలి. బోటు ఎటు తిరిగినా సిగ్నల్ మారకుండా ఉండడానికి, అయనోస్ఫియర్ పోలరైజేషన్‌ని మెలితిప్పినా తట్టుకోవడానికి అదే దారి. పక్కపక్క ప్యాచ్‌లని ఒక్కొక్కదాన్ని 90 డిగ్రీలు తిప్పి పెట్టి, ఆ తేడాని ఫేజ్‌లో (తరంగం తన ఊపులో ఎక్కడుందన్నది; ఒక పూర్తి ఊపు 360 డిగ్రీలు) సరిదిద్దితే వంచినప్పుడు పోలరైజేషన్ అంత త్వరగా పాడవదు.

ఇలాంటి వరసలు కళ్లారా చూడాలంటే తిరుపతి దగ్గర గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది. 32 వరసల్లో 32 చొప్పున 1024 యాగీ యాంటెన్నాలు, 53 మెగాహెర్ట్జ్‌లో. దానిది వాతావరణ పరిశోధన, మన పని వేరు. కానీ బీమ్ వంగే సూత్రం ఒక్కటే. ఒక్క యాంటెన్నా కూడా కదలదు, బీమ్ మాత్రం కదులుతుంది.

4. ఫేజ్ లెక్క చేత్తో ఒకసారి వేయండి

తీరం మీద పెద్దవల లాగేటప్పుడు హైలెస్సా అని అందరూ ఒకే ఊపున లాగితే వల వస్తుంది. ఎవరి ఊపు వాళ్లదైతే తాడు కదలదు. ఎలిమెంట్లూ అంతే. 21 డిగ్రీల పక్క నుంచి వచ్చే తరంగం మొదటి ఎలిమెంట్‌ని తాకాక, రెండోదాన్ని చేరడానికి 2 సెంటీమీటర్ల పైచిలుకు ఎక్కువ నడవాలి. ఆ ఆలస్యాన్ని సరిచేసి నాలుగింటినీ ఒకే ఊపులోకి తేవడమే బీమ్‌ని వంచడం.

సగం తరంగదైర్ఘ్యం ఎడానికి లెక్క తేలిక: 180ని వంపు కోణపు సైన్‌తో గుణించండి. సైన్ 21 అంటే 0.358. కాబట్టి ఎలిమెంట్ ఎలిమెంట్‌కీ 64.5 డిగ్రీల తేడా. నాలుగింటికి 0, 64.5, 129, 193.5.

ఇప్పుడు మీ ఫేజ్ షిఫ్టర్ (ఫేజ్‌ని జరిపే చిప్పు) 4 బిట్లదనుకోండి. దానికి 22.5 డిగ్రీల మెట్లు మాత్రమే తెలుసు. దగ్గరి మెట్టుకి సర్దితే 0, 67.5, 135, 202.5 వస్తాయి. వెనక్కి లెక్కేసి చూడండి: ఈ అంకెలకి బీమ్ 22 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. మనం అడిగింది 21. పాతిక డిగ్రీల వెడల్పున్న బీమ్‌కి ఒక్క డిగ్రీ తప్పు 0.02 డీబీ కూడా కాదు. అదే 3 డిగ్రీల వెడల్పున్న కేయూ బ్యాండ్ (12-18 గిగాహెర్ట్జ్) పలక అయితే ఆ ఒక్క డిగ్రీకే 1.3 డీబీ పోతుంది. వెడల్పు బీమ్ ఎంత ఓర్పు గలదో గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మెట్ల వల్ల పోయే గెయిన్ కూడా తక్కువే. 2 బిట్లకి 0.9 డీబీ, 3 బిట్లకి 0.22, 4 బిట్లకి 0.06. అయిదో బిట్‌కి డబ్బు పెట్టొద్దు. ఆ డబ్బు మంచి గైరోకి (తిరుగుడు వేగాన్ని కొలిచే సెన్సార్) పెట్టండి.

ఇక ఫేజ్ షిఫ్టర్లా, డిజిటలా? ఒకే దిక్కుకి వంచితే చాలనుకుంటే అనలాగ్ ఫేజ్ షిఫ్టర్లు చవక, కరెంటూ తక్కువే తింటాయి. అడాప్టివ్ పని, అంటే అడ్డుపడే సిగ్నల్‌ని నొక్కేయడం కూడా కావాలంటే ప్రతి ఎలిమెంట్‌కీ సొంత రిసీవర్ ఉండి, అన్నీ ఒకే క్లాక్ మీద నడవాలి. నా సలహా: మొదట నాలుగు ఎలిమెంట్లతో, నాలుగు డిజిటల్ చానళ్లతో మొదలుపెట్టండి. అది బాగా వచ్చాక 16కి వెళ్లండి. నేరుగా 16తో మొదలుపెట్టిన విద్యార్థులు తప్పెక్కడుందో వెతుక్కుంటూనే సెమిస్టర్ గడిపేశారు.

5. క్యాలిబ్రేషన్, ఇక్కడ ఆగండి

పైన వేసిన లెక్కంతా నాలుగు చానళ్లూ అచ్చం ఒకేలా ఉన్నాయన్న నమ్మకం మీద నడిచింది. అవి ఒకేలా ఉండవు.

నేను మొదటిసారి కట్టిన పలక బీమ్ ఎప్పుడూ అడిగిన దిక్కుకి పక్కగా చూసేది. కోడ్ రెండు వారాలు తిరగేశాను, ఎక్కడా తప్పు లేదు. చివరికి ఒక సాయంత్రం విసుగొచ్చి కేబుళ్లు విప్పి బల్ల మీద పక్కపక్కన పరిచాను. నాలుగింటిలో ఒకటి సెంటీమీటరు పొడుగు. కనెక్టర్ తెగిపోతే ఎవరో కొత్తది వేసి, ఆ కొలత పట్టించుకోలేదు. మామూలు కేబుల్లో తరంగం గాల్లో కంటే నెమ్మదిగా పోతుంది. 2.6 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్క సెంటీమీటరు అంటే 45 డిగ్రీల ఫేజ్. ఒక మిల్లీమీటరుకే 4.5 డిగ్రీలు. గోరంత తేడాకి ఫేజ్ షిఫ్టర్ మెట్టులో అయిదో వంతు పోయినట్టే.

పద్ధతి ఇది. పలకకి ఎదురుగా, కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో, సరిగ్గా మధ్య గీత మీద ఒక చిన్న సోర్స్ పెట్టండి. కాలేజీలో సిగ్నల్ బయటికి పోని చాంబర్ ఉంటే అక్కడే చేయండి. నాలుగు చానళ్ల ఫేజ్, బలం కొలవండి. మొదటి చానల్‌ని ప్రమాణంగా పెట్టుకుని మిగతావాటి తేడాలు ఒక పట్టికలో రాయండి. ఇక మీదట ఏ ఫేజ్ లెక్క వేసినా ఆ తేడాని తీసేసే వాడండి. తర్వాత సోర్స్‌ని కదపకుండా పలకని 10 డిగ్రీల చొప్పున తిప్పుతూ మళ్లీ కొలవండి. పక్క ఎలిమెంట్ల ప్రభావం వల్ల అంచున ఉన్నవి, మధ్యలో ఉన్నవి వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. అది ఈ రెండో పట్టికలో బయటపడుతుంది.

మూడోది చాలామంది వదిలేస్తారు: పలకని ఎండలో రెండు గంటలు పెట్టి మళ్లీ కొలవండి. మే నెల మధ్యాహ్నం కేబిన్ కప్పు చేత్తో ముట్టుకోలేం. యాంప్లిఫయర్ల ఫేజ్ వేడితో జరుగుతుంది. అన్నీ కలిసి జరిగితే ఇబ్బంది లేదు, ఒక్కొక్కటీ ఒక్కో రకంగా జరిగితేనే గొడవ. అందుకే మంచి డిజైన్‌లో పలక లోపలే ఒక చిన్న సిగ్నల్‌ని అన్ని చానళ్లకీ పంచే ఏర్పాటు ఉంటుంది. అప్పుడప్పుడు దాన్ని ఆన్ చేసి పట్టికని తాజా చేసుకోవచ్చు.

ఎంత ఖచ్చితంగా ఉండాలి? బీమ్ వంచడానికైతే 10 డిగ్రీల తప్పు ఉన్నా గెయిన్‌లో 0.13 డీబీ మాత్రమే పోతుంది. కానీ 16 ఎలిమెంట్ల పలకలో ఆ 10 డిగ్రీల చిల్లర తప్పులు అన్ని దిక్కులకీ, బీమ్ శిఖరానికి 27 డీబీ కింద, ఒక నేపథ్య మట్టం పరిచేస్తాయి. అంతకంటే లోతుగా ఏ దిక్కునీ ముందే లెక్కేసిన ఫేజ్‌లతో నొక్కలేరు. తప్పుని 5 డిగ్రీలకి తెస్తే ఆ మట్టం 33 డీబీకి దిగుతుంది.

6. ఎటు తిప్పాలో తెలుసుకోవడం

దీనికి రెండు దారులు. రెండూ కావాలి.

మొదటిది లెక్క దారి. మన దేశపు నావిక్ లేదా జీపీఎస్‌తో బోటు ఎక్కడుందో తెలుస్తుంది. ఉపగ్రహం ఎక్కడుందో ముందే తెలుసు. బోటు ఎటు తిరిగి, ఎంత ఒరిగి ఉందో గైరో, యాక్సెలరోమీటరు చెబుతాయి. మూడూ కలిపితే దిక్కు వచ్చేస్తుంది. ఇది సిగ్నల్‌తో పని లేకుండా, చాలా వేగంగా జరుగుతుంది. తూర్పు-పడమరల సంగతి మాత్రం ఇబ్బంది. చవక దిక్సూచి సెన్సార్ డీజిల్ ఇంజన్ పక్కన, ఇనుప వించ్ పక్కన పెడితే అది చెప్పే ఉత్తరం ఉత్తరం కాదు. రెండు నావిగేషన్ యాంటెన్నాలని ఒక మీటరు ఎడంగా పెట్టి వాటి మధ్య దిక్కు తీసుకోవడం నమ్మకమైన దారి.

రెండోది సిగ్నల్ దారి. బీమ్‌ని అనుకున్న దిక్కుకి 5 డిగ్రీలు అటు, 5 డిగ్రీలు ఇటు మార్చి మార్చి పెట్టి, ఎటు బలంగా వస్తుందో చూడటం. 25 డిగ్రీల బీమ్‌కి 5 డిగ్రీల జరుగుడు వల్ల పోయేది అర డీబీ కూడా కాదు, కాల్ మధ్యలో చేసినా ఎవరికీ తెలియదు. దిక్కులో 2 డిగ్రీల తప్పు ఉంటే ఆ రెండు కొలతల మధ్య 0.74 డీబీ తేడా వస్తుంది. ఒక్కసారి కొలిస్తే నాయిస్‌లో కలిసిపోతుంది గానీ యాభై సార్ల సగటు తీస్తే స్పష్టంగా తేలుతుంది. పై-కింద, ఎడమ-కుడి రెండింటికీ ఇలాగే చేయండి.

ఈ రెండింటినీ ఎలా కలపాలన్నదే అసలు ప్రశ్న. వేగమైన కదలికలు గైరోకి, నెమ్మది దిద్దుబాటు సిగ్నల్‌కి అప్పగించండి. గైరో సెకనుకి వంద సార్లు చెబుతుంది, కానీ నిమిషాలు గడిచేకొద్దీ పక్కకి జారుతుంది. సిగ్నల్ నెమ్మది, కానీ జారదు. ఒకదాని లోపం ఇంకొకటి కప్పుతుంది. మొత్తం ఆలస్యం, అంటే బోటు కదిలినప్పటి నుంచి ఫేజ్‌లు మారేదాకా, 100 మిల్లీసెకన్లు అయితే సెకనుకు 25 డిగ్రీల ఊగుడులో తప్పు 2.5 డిగ్రీలు. సరిపోతుంది. ఒక సెకను ఆలస్యమైతే బీమ్ బోటు వెనకాల పరిగెడుతూ ఎప్పుడూ తప్పు దిక్కే చూస్తుంటుంది.

తర్వాతి హెచ్చరిక గట్టిగా చెప్పాలి. సిగ్నల్ పోయినప్పుడు వెతకొద్దు. బోటు తిరుగుతుంటే పొగ గొట్టమో, స్తంభమో అడ్డొచ్చి ఒకటి రెండు సెకన్లు సిగ్నల్ పడిపోవడం మామూలే. దిక్కు తప్పిందనుకుని సాఫ్ట్‌వేర్ కంగారుగా ఆకాశమంతా గాలిస్తే, అడ్డం తొలగేసరికి బీమ్ ఎక్కడో ఉంటుంది. చూస్తున్న సరంగుకి టెన్షన్, మీకు చెడ్డపేరు. సిగ్నల్ ఉన్నట్టుండి పడిపోతే సిగ్నల్ దారిని ఆపేసి, గైరో చెప్పిన దిక్కులోనే అర నిమిషం ఓపిక పట్టండి. అప్పటికీ రాకపోతే దగ్గర నుంచి దూరానికి మెల్లగా వెతకండి. నెమ్మదిగా తగ్గిందా, టక్కున పడిందా అన్నదే గుర్తు: దిక్కు తప్పితే నెమ్మదిగా తగ్గుతుంది, అడ్డొస్తే టక్కున పడుతుంది.

దిక్కుని ఎంత ఖచ్చితంగా అంచనా వేయొచ్చనడానికి ఒక అంతిమ హద్దు ఉంది. ఎంత తెలివైన పద్ధతైనా దాన్ని దాటలేదు. ఆ హద్దు పేరు క్రామెర్-రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన మన సి.ఆర్. రావు 1945లో రాసిన పేపర్ నుంచి వచ్చింది. మీ ట్రాకర్ ఫలితాల్ని ఆ హద్దుతో పోల్చి గీస్తే, ఇంకా మెరుగుపరచడానికి చోటుందో, లేక ఊరికే తల బాదుకుంటున్నారో తేలిపోతుంది.

7. అడ్డుపడేదాన్ని నొక్కేయడం

ఇంతవరకూ చేసింది బీమ్‌ని వంచడం. ఇప్పుడు దాని ఆకారం కూడా పరిస్థితిని బట్టి మారాలి. పక్క ఓడ రాడార్ నుంచి చిందే నాయిస్, అదే ఫ్రీక్వెన్సీలో దారితప్పి వచ్చే ఇంకో సిగ్నల్, మీ సొంత బోటు మీదే ఉన్న ఇంకో పరికరం, ఏదైనా కావచ్చు. ఆ దిక్కున ప్యాటర్న్‌లో ఒక గుంట తవ్వాలి. ఎలిమెంట్ల సంఖ్యలో ఒకటి తీసేస్తే ఎన్ని వస్తాయో అన్ని గుంటలు తవ్వే స్వేచ్ఛ ఉంటుంది. నాలుగుంటే మూడు.

తేలికైన పద్ధతి ఎల్ఎంఎస్ (లీస్ట్ మీన్ స్క్వేర్స్). విడ్రో, హాఫ్ కలిసి 1960లో బయటపెట్టారు, 1967లో విడ్రో బృందం యాంటెన్నాలకి వాడి చూపింది. మీకు ముందే తెలిసిన ఒక సిగ్నల్ ముక్క ఉండాలి. వచ్చినదానికి, రావాల్సినదానికి ఉన్న తేడా చూసి ప్రతి ఎలిమెంట్ బరువుని (దాని ఫేజ్, బలాల సర్దుబాటు) కొంచెం కొంచెం జరుపుతూ పోవడమే. అడుగు పెద్దదైతే త్వరగా నేర్చుకుంటుంది గానీ కుదురుగా ఉండదు, మరీ పెద్దదైతే పేలిపోతుంది. చిన్నదైతే బోటు తిరిగిపోయేసరికి కూడా నేర్చుకోదు. పైథాన్‌లో పది లైన్లు. ముందు కంప్యూటర్లో బోటు ఊగుడు కలిపి ఆడించి చూశాకే పలక దగ్గరికి రండి.

రెండోది, కేపన్ 1969లో ఇచ్చిన పద్ధతి: మనకి కావాల్సిన దిక్కున గెయిన్‌ని ఒకటి దగ్గర కట్టేసి, మిగతా మొత్తం పవర్‌ని వీలైనంత తగ్గించు అనడం. దీనికి చానళ్ల మధ్య సంబంధాల పట్టిక, అంటే కోవేరియన్స్ మాట్రిక్స్ కావాలి. ఎలిమెంట్ల సంఖ్యకి రెట్టింపు శాంపిళ్లు ఉంటే ఫలితం ఆదర్శానికి 3 డీబీ లోపు వస్తుందని 1974లో రీడ్, మ్యాలెట్, బ్రెన్నన్ చూపారు. 16 ఎలిమెంట్లకి 32 శాంపిళ్లే! అందుకే ఇది కదిలే వాహనాలకి నప్పుతుంది.

కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది. మీ క్యాలిబ్రేషన్ కాస్త తప్పితే, కావాల్సిన సిగ్నల్ అనుకున్న దిక్కుకి సరిగ్గా సరిపోదు. అప్పుడు ఈ పద్ధతి మీ సొంత ఉపగ్రహాన్నే శత్రువనుకుని దాని మీదే గుంట తవ్వుతుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉంటే అంత లోతుగా! బలమైన సిగ్నల్ వస్తుంటే లింక్ తెగిపోవడం చూసి బుర్ర గోక్కునేవాళ్లకి సాధారణంగా ఇదే కారణం. విరుగుడు తేలిక: మాట్రిక్స్ ఐమూల గడులన్నిటికీ నాయిస్ స్థాయికి కొన్ని రెట్లు కలపండి. గుంటల లోతు కాస్త తగ్గుతుంది, మొండితనం పోతుంది. ఈ ఒక్క లైన్ లేకుండా సముద్రం మీదికి తీసుకెళ్లొద్దు.

సాధన చేయడానికి నావిక్ సిగ్నల్ మంచిది. 2492.028 మెగాహెర్ట్జ్‌లో ఎస్ బ్యాండ్‌లోనే వస్తుంది, మన పలకకి దగ్గర. అది నాయిస్ కింద మునిగి ఉంటుంది, కోడ్‌తో కలిపి చూశాకే పైకి తేలుతుంది. ఆ కోడ్ మీకు ముందే తెలుసు కాబట్టి ఎల్ఎంఎస్‌కి కావాల్సిన తెలిసిన ముక్క దొరికినట్టే.

8. పంపేటప్పుడు

రిసీవ్ చేసిన బరువుల్ని అలాగే పంపడానికి వాడొద్దు. కింది దారి 2.51 గిగాహెర్ట్జ్, పైదారి 2.68 అనుకోండి. అవే ఫేజ్‌లు పెడితే 41 డిగ్రీలకి వంచిన బీమ్ పంపేటప్పుడు 38 దగ్గర నిలుస్తుంది. దిక్కుని మాత్రం రిసీవ్ వైపు నుంచి తీసుకుని, ఫేజ్‌లు పైదారి ఫ్రీక్వెన్సీకి కొత్తగా లెక్కేయండి.

దిక్కు మీద నమ్మకం పోయిన క్షణంలో ట్రాన్స్‌మిటర్ ఆగిపోవాలి. ఓడల మీది కేయూ బ్యాండ్ టెర్మినళ్లకి అమెరికా నియమాల్లో, దిక్కు అర డిగ్రీ తప్పితే 100 మిల్లీసెకన్లలో పంపడం ఆపాలన్న షరతు పెట్టారు. మన వెడల్పు బీమ్‌కి అంత బిగువు అక్కర్లేదు గానీ అలవాటు మంచిదే. ఇంకోటి: మన దేశంలో ఉపగ్రహానికి పంపే ఏ పరికరానికైనా టెలికాం శాఖ అనుమతి ఉండాలి. అనుమతి లేని శాటిలైట్ ఫోన్ జేబులో ఉంటేనే విమానాశ్రయంలో పట్టుకుంటారు. ప్రయోగమైనా సరే, పంపడం లైసెన్సు వచ్చాకే.

9. పైన ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారో కూడా తెలుసుకోండి

బీమ్‌లు మలిచేది మనం ఒక్కరమే కాదు. 2005 నుంచి ఎగిరిన ఇన్‌మార్‌శాట్-4 ఉపగ్రహాలకి 9 మీటర్ల రిఫ్లెక్టర్, 120 ఫీడ్ ఎలిమెంట్లు. వాటితో లోపలి డిజిటల్ ప్రాసెసర్ రెండు వందల దాకా సన్న బీమ్‌లు మలుస్తుంది, ఎక్కడ జనం ఎక్కువుంటే అక్కడికి పవర్ మళ్లిస్తుంది. థురాయాది 12.25 మీటర్ల రిఫ్లెక్టర్, 128 ఎలిమెంట్లు. 2010లో వెళ్లిన స్కైటెర్రా-1 ఇంకో దారి పట్టింది: 22 మీటర్ల రిఫ్లెక్టర్, లెక్కలన్నీ మాత్రం నేల మీది స్టేషన్‌లో. పైన చెడితే బాగుచేయలేం, కింద అయితే కొత్త కంప్యూటర్ పెట్టుకోవచ్చు. నాకు ఈ ఆలోచనే నచ్చుతుంది.

మీకు దీనివల్ల తేడా ఏమిటంటే, ఇరిడియం లాంటి దిగువ కక్ష్య వ్యవస్థలో ఒక్కో ఉపగ్రహానివి 48 బీమ్‌లు నేల మీద పరిగెడుతుంటాయి. మీరు కదలకుండా కూర్చున్నా సుమారు నిమిషానికోసారి బీమ్ మారుతుంది. ఆ మార్పులో సిగ్నల్ బలం మెట్టులా ఎగిరిపడుతుంది. దాన్ని మీ ట్రాకర్ దిక్కు తప్పనుకుని సవరించబోతుంది. బీమ్ మారే సమయం మోడెమ్‌కి తెలుసు. ఆ కబురు ట్రాకర్‌కి అందేలా ఒక వైరు వేసుకోండి.

10. నీళ్లలోకి దిగేముందు పరీక్షలు

ముందు టర్న్‌టేబుల్ మీద పలకని పెట్టి, సెకనుకు 5 డిగ్రీలతో మొదలుపెట్టి 30 దాకా పెంచుతూ తిప్పండి. ఏ వేగం దగ్గర సిగ్నల్ 1 డీబీ పడుతుందో రాసుకోండి. తర్వాత దిక్సూచి తీగ పీకేసి అదే పరీక్ష. తర్వాత గైరో పీకేసి. ఏది పోతే ఎంత పోతుందో ముందే తెలిసుండాలి. ఆపైన అట్టముక్క మీద అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఒకటి, రెండు, అయిదు సెకన్లు పలక ముందు అడ్డం పెట్టండి. అట్ట తీసిన అర సెకనులో లింక్ తిరిగి రావాలి.

నీళ్ల మీద మొదటి రోజు ఇంజన్ ఆపి, బోటుని అలల మీద వదిలేసి ఒక గంట లాగ్ తీసుకోండి. ప్రతి శాంపిల్‌కీ సమయం, గైరో చెప్పిన దిక్కు, సిగ్నల్ చెప్పిన దిక్కు, బలం, ఈ నాలుగూ ఉండాలి. తర్వాత ఇంజన్ వేసి ఇంకో గంట. ఇంటికొచ్చాక రెండు దిక్కుల మధ్య తేడాని గీసి చూడండి. ఇంజన్ వేసిన గంటలో ఆ గీత ఒక్కసారిగా పక్కకి జరిగి అక్కడే ఉండిపోతే, దిక్సూచి సెన్సార్‌ని ఇంజన్‌కి ఇంకో రెండు మీటర్లు దూరంగా జరిపి మర్నాడు మళ్లీ వెళ్లండి.